నలుగురి ఆటలో మన మైకు: ఆన్‌లైన్ ఆటలపై విశాఖ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ ఆటల మీదే. ఏ తుపాకీ మంచిది, ర్యాంకు ఎలా పెంచాలి అన్నవాటిని మరో సంచికకు ఉంచి, తోటి ఆటగాళ్లతో మెలగడం గురించి అడిగినవాటికే ఇక్కడ జవాబులిస్తున్నాం. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి పేట పేరు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: బీజీఎంఐలో (నలుగురేసి జట్లుగా ఫోనులో ఆడే తుపాకుల ఆట) రోజూ ర్యాండమ్స్‌తోనే, అంటే ఆట జత చేసే అపరిచితులతోనే ఆడతాను. నేను నాక్ అయితే (దెబ్బ తిని కూలబడితే) చాలు, మిగతా ముగ్గురూ తిట్లు లంకించుకుంటారు. మైకులో ఏం మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి?
— ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ

జవాబు: తిట్లు మొదలవడానికి ముందు మైకులో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. దెబ్బ తగలగానే చాలామంది నోట వచ్చే మాట "అరే, అక్కడున్నాడు, అక్కడే, కొట్టండ్రా!" అక్కడ అంటే ఎక్కడ? మీ తెర మీద కనబడేది మిగతా ముగ్గురికీ కనబడదు. వాళ్లు కంగారుగా నాలుగు దిక్కులూ చూస్తారు, ఇంకొకడు నాక్ అవుతాడు, ఆ కోపం మీ మీదకు వస్తుంది. కాబట్టి ముందు సరిచేసుకోవాల్సింది చెప్పే పద్ధతి.

తెర పైభాగాన దిక్సూచి పట్టీ ఉంటుంది. చెప్పేటప్పుడు ముందు దాని మీది అంకె, తర్వాత కంటికి కనబడే గుర్తు, ఆ తర్వాత ఎంతమంది, చివర వాళ్ల పరిస్థితి. "210, ఎర్ర కప్పు ఇల్లు, మేడ మీద ఇద్దరు, ఒకడికి గట్టిగా తగిలింది." ఇది చెప్పడానికి నాలుగు సెకన్లు చాలు. ఇందులో ఒక చిక్కుంది. ఆ అంకె మీరు నిలబడ్డ చోటి నుంచి లెక్క. మీకు 210లో ఉన్నవాడు, 100 మీటర్లు పక్కనున్న మీ జట్టువాడికి 180లోనో 240లోనో ఉండొచ్చు. జట్టు విడివిడిగా ఉన్నప్పుడు అంకె ఒక్కటే చెబితే తప్పుదారి పట్టించినట్టే. అలాంటప్పుడు మ్యాప్ మీద మార్కర్ (గుర్తు) పెట్టి "నా మార్కు మీద" అనండి. మార్కు అందరికీ ఒకే చోట కనబడుతుంది.

నాక్ అయ్యాక "రివైవ్, రివైవ్" అని అరవడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. లేపడానికి 10 సెకన్లు పడుతుంది. అంతసేపూ లేపేవాడు కాల్చలేడు, కదలలేడు. మిమ్మల్ని కొట్టినవాడు ఇంకా అదే కిటికీలోంచి గురిపెట్టి ఉంటే మీరు పిలిచేది సాయానికి కాదు, రెండో చావుకు. నిజాయితీగా చెప్పండి: "నా మీద గురి ఉంది, రావద్దు, ముందు స్మోక్ వెయ్యి." ఈలోగా పాకుతూ రాయి వెనక్కో గోడ చాటుకో చేరండి. స్మోక్ (పొగబాంబు) విసిరిన క్షణానే తెర కమ్మదు, పొగ పరుచుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి. ఆ ఆత్రంలోనే చాలామంది పోతారు.

పూర్తిగా చనిపోతే మీరు చెప్పాల్సింది ఒక్కటే, ఎవడు ఎక్కడి నుంచి కొట్టాడన్నది. చెప్పేసి మైకు ఆపేయండి. బతికున్న చివరివాడికి ఆ సమయంలో ఉన్న ఆధారమల్లా అడుగుల చప్పుడే. మీరు "లెఫ్ట్ వెళ్లు, ఇప్పుడు రష్ చెయ్" అంటుంటే మెట్ల మీద వచ్చేవాడి అడుగులు అతనికి వినబడవు.

భాష మాట కూడా ఒకటి. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్లయితే మిగతా ఇద్దరి ఊసు మరచి మనలో మనం మాట్లాడేసుకోవడం మన దగ్గర బాగా ఉంది. కబుర్లు ఏ భాషలోనైనా చెప్పుకోండి, శత్రువు ఎక్కడున్నాడన్నది మాత్రం అందరికీ అర్థమయ్యేలా ఉండాలి. అంకెలు ఇంగ్లిష్‌లో, మార్కు మ్యాప్ మీద, ఈ రెండూ ఉంటే ఏ రాష్ట్రం వాడితోనైనా ఆట నడుస్తుంది.

ఇంత చేసినా తిట్టేవాడు తిడతాడు. ఒక్క మాటకైనా బదులివ్వకుండా జట్టు జాబితాలో అతని పేరు పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కి మ్యూట్ చేయండి. గొంతు ఆగినా మార్కర్లు కనబడుతూనే ఉంటాయి, ఆటకు లోటు రాదు. రిపోర్ట్ (ఫిర్యాదు) మాత్రం మ్యాచ్ అయ్యాకే. మధ్యలో చేయబోతే మీరు ఆగిపోతారు, నష్టం మిగతా ఇద్దరికి.

ప్రశ్న: మా వాడికి పదమూడేళ్లు. హెడ్‌ఫోన్ పెట్టుకుని అరుస్తాడు, మేం ఇంట్లో ఎప్పుడూ అనని బూతులు వాడి నోట వస్తున్నాయి. అన్నానికి పిలిస్తే "ఐదు నిమిషాలమ్మా" అంటాడు, అరగంటైనా లేవడు. ఫోను లాక్కుంటే ఏడుపు. ఏం చేయాలి?
— ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు అన్నం సంగతి. వందమంది దిగే క్లాసిక్ మ్యాచ్ చివరిదాకా వెళితే సుమారు అరగంట పడుతుంది, మధ్యలో ఆపి దాచుకునే వీల్లేదు. వాడు లేస్తే నలుగురి జట్టులో ముగ్గురే మిగులుతారు. వాడి ఏడుపులో ఆ భాగం నిజమే. అందుకని మ్యాచ్ నడుస్తుండగా పిలవడం మాని, మొదలవకముందే చెప్పండి: "ఎనిమిదిన్నరకు భోజనం, ఎనిమిది దాటాక కొత్త మ్యాచ్ మొదలుపెట్టకు." ఈ నియమం పెట్టాక ఎనిమిదీ పదికి స్టార్ట్ నొక్కితే అప్పుడు ఫోను తీసుకోవడంలో న్యాయం ఉంది. అరగంట ఖాళీ లేనప్పుడు టీడీఎం (రెండు జట్లు ఎదురెదురుగా తలపడే పోటీ) లాంటి చిన్న మ్యాచ్‌లు ఆడుకోమనండి, పది నిమిషాల్లోపే తేలిపోతాయి.

బీజీఎంఐలో 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి ఉంది. పెద్దల ఫోనుకు ఓటీపీ కూడా వస్తుంది. కానీ ఖాతా తెరిచేటప్పుడు "నాకు 18 దాటాయి" అని నొక్కేసిన పిల్లలకు అదేమీ వర్తించదు. మీ అబ్బాయి ఖాతాలో వయసు ఏమని ఉందో ముందు అది చూడండి.

ఇక బూతులు. వాడు అక్కడ వింటున్నాడు, ఇక్కడ అంటున్నాడు. తిట్టి మాన్పించలేరు కానీ వినే దారి మూసేయవచ్చు. సెట్టింగుల్లో ఆడియో విభాగానికి వెళ్లి వాయిస్ ఛానెల్‌ను "ఆల్" నుంచి "టీమ్"కు మార్చండి. దాంతో ఎదురు జట్ల వాళ్ల మాటలు రావు. ర్యాండమ్స్ బదులు తెలిసిన బడి స్నేహితులతో నలుగురి జట్టు కట్టించండి. రేపు తరగతిలో మొహం చూడాల్సినవాణ్ని తిట్టడానికి పిల్లలు వెనకాడతారు. మైకు ఎప్పుడూ తెరిచి ఉంచకుండా, నొక్కి పట్టుకున్నప్పుడే మాట వెళ్లే పద్ధతి పెట్టించండి. తెరిచిన మైకు ఇల్లంతా మోసుకెళుతుంది: మీ కుక్కర్ విజిల్, ఫ్యాను గాలి, మీరు వాణ్ని తిట్టే తిట్లు, ఎవరో ఫోనులో చెప్పిన బ్యాంకు నెంబరు, అన్నీ ముగ్గురు అపరిచితుల చెవిలో పడతాయి. హాల్లో హెడ్‌ఫోన్ లేకుండా, మైకు మూసి ఆడటం ఈ వయసుకు మేము సూచించే పద్ధతి. మార్కర్లతో ఆడటం నేర్చుకుంటే మైకు లేని లోటు పెద్దగా ఉండదు.

ప్రశ్న: నేను మైకు ఆన్ చేసి ఒక్క మాటంటే చాలు, "అమ్మాయి రా" అని మొదలు. ఇన్‌స్టా ఐడీ అడుగుతారు, ఇవ్వకపోతే బూతులు. ఒకడు వేరే ఖాతాలతో రిక్వెస్టులు పంపుతూ వెంటపడుతున్నాడు. నేనే మైకు మానేయాలా?
— డిగ్రీ విద్యార్థిని, సీతమ్మధార

జవాబు: అక్కర్లేదు. మైకు మానాల్సింది వాళ్లు. ఈ ఉత్తరానికి జవాబు మీకంటే ముందు ఆ జట్టులోని మిగతా మగపిల్లలకు చెప్పాలి. ఒకడు వాగుతుంటే ఇద్దరు నవ్వుతారు, లేదా విననట్టు ఉంటారు. ఆ మౌనాన్ని వాడు ఒప్పుదలగా తీసుకుంటాడు. ఆ ఇద్దరిలో ఒక్కడు "ఆట మాట్లాడు, లేకపోతే మ్యూట్ చేస్తున్నా" అంటే చాలా సందర్భాల్లో అక్కడితో ఆగిపోతుంది. మ్యాచ్ అయ్యాక ఆ అమ్మాయి ఒక్కతే కాకుండా మీరూ రిపోర్ట్ చేయండి. తనకు అండగా నిలుస్తున్నామని పెద్ద ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, ఆ అమ్మాయి ఆడుకోవడానికి వచ్చింది.

ఇక ఉత్తరం రాసిన మీరు చేయాల్సినవి. బదులివ్వకండి, కాస్త రికార్డు చేశాక మ్యూట్ చేయండి. ఫోనులో స్క్రీన్ రికార్డర్ ఉంటుంది, మాటలు మొదలవగానే ఆన్ చేయండి. అందులో ఆట శబ్దం కూడా నమోదయ్యేలా ముందే ఒకసారి సరిచూసుకోండి, చాలా ఫోన్లలో మొదట్లో ఆ ఎంపిక ఆపేసి ఉంటుంది. మ్యాచ్ ముగిశాక అతని ప్రొఫైల్ తెరిచి పేరుతో పాటు ఐడీ అంకె కూడా కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. పేరు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఐడీ మారదు. ఆ తర్వాతే రిపోర్ట్, బ్లాక్. ముందే బ్లాక్ చేసేస్తే ప్రొఫైల్ వెతకడం కష్టమవుతుంది. ఆటలో పెట్టుకున్న పేరే ఇన్‌స్టాలోనూ ఉంటే మార్చేయండి, వెంటపడేవాళ్లకు దొరికే మొదటి దారం అదే. అపరిచితుల రిక్వెస్టులు రాకుండా సెట్టింగుల్లో ఆపేయండి.

వేరే ఖాతాలతో వెంటపడటం ఆటలో గొడవ కాదు, నేరం. వద్దన్నా పదేపదే సంప్రదించడం, ఆన్‌లైన్‌లో కనిపెట్టుకుని ఉండటం భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్ కిందికి వస్తాయి. సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, నేరుగా నగరంలోని సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌కూ వెళ్లవచ్చు. 1930 నెంబరు ప్రధానంగా డబ్బు మోసాలకు. మీలాంటి విషయంలో రాతపూర్వక ఫిర్యాదు, ఆధారాలే ముఖ్యం. మహిళల హెల్ప్‌లైన్ 181, పద్దెనిమిది నిండని పిల్లలైతే 1098. భయంతోనో అసహ్యంతోనో చాట్ తుడిచేయకండి.

ప్రశ్న: మా వైపు వాన పడితే కరెంటు పోతుంది. డోటా (ఐదుగురేసి రెండు జట్లు ఆడే కంప్యూటర్ ఆట) మధ్యలో రెండుసార్లు అలా జరిగింది, నన్ను లో ప్రయారిటీలో (ఆట వదిలేసేవాళ్లను శిక్షగా వేసే వరుసలో) పడేశారు. నా తప్పు లేకుండా శిక్ష ఏమిటి?
— గోపాలపట్నం

జవాబు: కరెంటు పోయినవాడు, ఓడిపోతున్నామని కేబుల్ పీకేసినవాడు సర్వర్‌కు ఒకేలా కనబడతారు. అదే పనిగా పీకేసేవాళ్లున్నారు కాబట్టే ఈ నియమం వచ్చింది. మిగతా తొమ్మిది మంది వైపు నుంచి చూడండి, గంట దాకా సాగే ఆటలో ఇరవయ్యో నిమిషంలో ఒక హీరో (మీరు ఆడించే పాత్ర) నిలబడిపోయాడు. కారణం ఏదైనా వాళ్ల సాయంత్రం పాడైంది.

డోటాలో మొత్తం 5 నిమిషాలు బయట ఉంటేనే వదిలేసినట్టు లెక్క. ఆ 5 నిమిషాలు మీ చేతిలో ఉన్న వ్యవధి. చాలామంది చేసే పొరపాటు, లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉందిగా అనుకోవడం. లాప్‌టాప్ బతికే ఉంటుంది, గోడ మీది ఫైబర్ డబ్బా ఆగిపోతుంది. దానికి రౌటర్ యూపీఎస్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. కొనేముందు మీ అడాప్టర్ మీద రాసున్న వోల్టులు, ఆంపియర్లు చూడండి. ఎక్కువగా 12 వోల్టులే ఉంటాయి, కొన్నింటికి 9. వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు అంతకు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. ఫైబర్ డబ్బా, వైఫై రౌటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ కావాలి. ఒకదానికే పెట్టి, పనిచేయలేదని పక్కన పడేసేవారున్నారు. పేటంతా కరెంటు పోతే వీధి చివర కంపెనీ పెట్టె కూడా ఆగవచ్చు, దానికి మీ యూపీఎస్ ఏమీ చేయలేదు.

అందుకే రెండో దారిగా ఫోను హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. ముందురోజే లాప్‌టాప్‌ను దానికి ఒకసారి కలిపి, విండోస్‌లో ఆ కనెక్షన్‌ను "మీటర్డ్"గా (డేటాకు పరిమితి ఉన్నదిగా) గుర్తించండి. లేకపోతే కలిపిన మరుక్షణం అప్‌డేట్లు దిగడం మొదలై, వెనక్కి వచ్చి కూడా ఆడలేని స్థితి వస్తుంది. డోటాలో ఆట ఆపే సౌకర్యం ఉంది. జట్టువాడికి ముందే చెప్పి ఉంచితే మీరు పోగానే పాజ్ చేస్తాడు. అవతలి జట్టువాడు పడిపోయినప్పుడు మీరూ ఆగండి, వెంటనే అన్‌పాజ్ నొక్కేయకండి.

బయట ఉరుములు వినబడుతుంటే ర్యాంక్డ్ (ర్యాంకు లెక్కకు వచ్చే) మ్యాచ్ మొదలుపెట్టకండి. లో ప్రయారిటీ నుంచి బయటపడటానికి కొన్ని మ్యాచ్‌లు గెలవాలి, ఆడితే సరిపోదు. కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆటలో అయితే మధ్యలో వదిలేసినందుకు నిషేధం అరగంటతో మొదలై, మళ్లీ మళ్లీ జరిగితే 2 గంటలు, 24 గంటలు, 7 రోజులకు పెరుగుతుంది.

ప్రశ్న: నాకు మామూలుగా పింగ్ (ఆట సర్వర్‌కు సంకేతం వెళ్లి వచ్చే సమయం) 40 మిల్లీసెకన్ల లోపే. ఒక్కోసారి 300కు పోతుంది. "ల్యాగ్ ల్యాగ్" (ఆట ఆలస్యంగా కదులుతోంది) అంటే ఎవరూ నమ్మరు.
— భీమిలి

జవాబు: నమ్మించే పని వద్దు, కారణం వెతకండి. ఆట సర్వర్ ముంబయిలో ఉందనుకుందాం, విశాఖ నుంచి అక్కడికి గీత గీసినట్టు కొలిస్తే 1,100 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి వెళ్లి రావడానికే 11 మిల్లీసెకన్లు కావాలి. కేబుళ్లు వంకర తిరుగుతాయి, మధ్యలో రౌటర్లుంటాయి, అందుకని 40 మంచి అంకె. అది హఠాత్తుగా 300 అయిందంటే దోషం చాలావరకు ఇంట్లోనే. ఎవరి ఫోనో రోజంతా తీసిన వీడియోలను క్లౌడ్‌కు ఎక్కిస్తూ ఉంటుంది. అప్‌లోడ్ దారి నిండిపోతే మీ ఆట ప్యాకెట్లు వరుసలో నిలబడతాయి. ఆ బ్యాకప్‌ను రాత్రి పన్నెండు తర్వాతకు మార్చండి. వైఫైలో 2.4 గిగాహెర్ట్‌జ్ బదులు 5 వాడండి, కానీ అది గోడలు అంత బాగా దాటలేదు, రౌటర్ ఉన్న గదిలో కూర్చుంటే మేలు. వీలైతే కేబుల్. పింగ్ ఊగుతున్న రోజున ర్యాంక్డ్ మాని ప్రాక్టీస్ ఆడుకుంటే ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

ప్రశ్న: వాలరెంట్‌లో (ఐదుగురేసి జట్ల తుపాకుల ఆట) మొదటి నాలుగు రౌండ్లు ఓడితే చాలు మావాళ్లు సరెండర్ (ఓటమి ఒప్పుకునే) ఓటు పెట్టేస్తారు. నేను ఒప్పుకోకపోతే ఒకడు స్పాన్‌లోనే (రౌండు మొదలయ్యే చోటే) నిలబడిపోతాడు. నేను ఒప్పుకోవాలా?
— షిఫ్టు ఉద్యోగి, గాజువాక

జవాబు: గెలవడానికి 13 రౌండ్లు కావాలి, సగంలో వైపులు మారతాయి. 0–4 దగ్గర ఆట అయిపోలేదు, వద్దని ఓటు వేసే హక్కు మీకుంది. కావాలని నిలబడిపోవడం రిపోర్ట్ చేయదగ్గదే. అయితే అలా వరసగా ఓడటానికి ఎక్కువసార్లు కారణం గురి కాదు, తుపాకులు కొనడానికి ఆటలో ఇచ్చే డబ్బు. ఓడిన రౌండుకు 1,900, వరసగా ఓడితే 2,400, ఆపైన 2,900 వస్తాయి. ఫాంటమ్ తుపాకీ గానీ వాండల్ తుపాకీ గానీ 2,900. ఐదుగురిలో ఇద్దరు కొని ముగ్గురు దాచుకుంటే ఆ రౌండూ పోతుంది, ఆ తుపాకులూ పోతాయి. కొనే సమయంలోనే "ఈ రౌండ్ దాచుకుందాం, వచ్చేది అందరం కొందాం" అని ఒకరు చెప్పాలి, ఆ ఒకరు మీరే అవ్వండి. మీ దగ్గర 6,000 దాటి ఉంటే లేనివాడికి అడగకముందే కొనివ్వండి. జట్టు మూడ్ మార్చడానికి ఇంతకంటే మంచి పని మాకు తెలియదు.

ప్రశ్న: మా కుర్రాళ్లు మనిషికి 50 రూపాయలు తీసుకుని కస్టమ్ రూమ్ (పిలిచినవాళ్లే ఆడే సొంత మ్యాచ్) పెడుతున్నారు. గెలిచినవాడికి డబ్బు. తప్పేమైనా ఉందా?
— కంచరపాలెం

జవాబు: ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, నైపుణ్యం ఆటలైనా సరే. శిక్షలు ప్రధానంగా నడిపేవాళ్ల మీద, మూడేళ్ల జైలు దాకా ఉన్నాయి. రూమ్ పెట్టుకోండి, డబ్బు తీసేయండి. ఐడీ, పాస్‌వర్డ్ పది నిమిషాల ముందే పంపండి, ఏ మ్యాప్, ఎమ్యులేటర్ (ఫోను ఆటను కంప్యూటర్‌లో ఆడించేది) ఒప్పుకుంటారా లేదా, మధ్యలో పడిపోయినవాడి సంగతేమిటి అన్నవి అందరికీ రాసి పెట్టండి. గొడవలన్నీ ఆట మొదలయ్యాక నియమం చెప్పడం వల్లే వస్తాయి.

ప్రశ్న: రిటైరయ్యాక ఆన్‌లైన్‌లో చదరంగం ఆడుతున్నాను. ఓడిపోయే స్థితి రాగానే కొందరు ఎత్తు వేయకుండా గడియారం నడిపిస్తారు. పావుగంట కూర్చోబెట్టినవాడూ ఉన్నాడు. నేను తిట్టాలా, లేచిపోవాలా?
— అక్కయ్యపాలెం

జవాబు: రెండూ వద్దండీ. లేచిపోతే, అతను చివరి పది సెకన్లలో ఎత్తు వేసి మీ గడియారాన్ని నడిపిస్తాడు. వాళ్ల ఎత్తుగడే అది. ఫోను పక్కన పెట్టుకుని శబ్దం పెంచి ఉంచండి, ఎత్తు పడగానే వినబడుతుంది. అవతలివాడు పూర్తిగా వెళ్లిపోతే లీచెస్ అనే చదరంగం సైట్‌లో కాసేపటికి "గెలుపు కోరండి" అనే బటన్ వస్తుంది, నొక్కేయండి. అలాంటివారిని ఆట అయ్యాక రిపోర్ట్ చేసి బ్లాక్ చేస్తే మళ్లీ మీకు జత పడరు.

ఇంకో ఉపాయం, 15 నిమిషాల ఆటల బదులు 3 నిమిషాలకు ఎత్తుకు 2 సెకన్లు కలిసే పద్ధతి ఎంచుకోండి. సాగదీయడానికి అతని దగ్గర అంత సమయమే ఉండదు. వేగం ఇబ్బందిగా ఉంటే 5 నిమిషాలు, 3 సెకన్లు. మీ వైపు నుంచి చూసుకోవాల్సింది ఒకటుంది: ఒకసారి డ్రా కాదన్నాక ప్రతి రెండెత్తులకూ మళ్లీ అడగకండి, అతను ఆలోచిస్తున్నప్పుడు ఆ గుర్తు తెర మీద వెలగడం చికాకు. ఓడిన వెంటనే రీమ్యాచ్ అడిగితే అతను వద్దనొచ్చు, అందులో అవమానం ఏమీ లేదు. ఎదుటివాళ్ల చాట్ అసలు వద్దనుకుంటే సెట్టింగుల్లో ఆపేయవచ్చు.